వరసలో ఉన్నవాటినే వరస పెట్టిన ప్రోగ్రాం

ఒకటి, రెండు, మూడు ఇస్తే ఒకటి, రెండు, మూడు అని చూపించింది. అయిదు, పది, పదిహేను ఇచ్చినా తడబడకుండా అదే వరసలో అప్పజెప్పింది. కుర్రాడు కుర్చీలోంచి లేచి లోపలికి పరిగెత్తి వాళ్ళ తాతను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "తాతా, నీ బళ్ళ నంబర్లు చెప్పు, ఎలా పడితే అలా చెప్పు, వరస నేను పెడతాను" అన్నాడు.

ఖరగ్‌పూర్‌లో మలంచ వైపు ఒక చిన్న డాబా ఇల్లు. తాత అంటే మా మావయ్య. నింపురా యార్డులో ముప్పయ్యేళ్ళ పైచిలుకు పనిచేసి రిటైరయ్యాడు. చేరినప్పుడు నంబర్‌టేకర్. యార్డులోకి గూడ్సు వచ్చి ఆగగానే ఈ కొస నుంచి ఆ కొసదాకా నడుచుకుంటూ పోయి, ఒక్కో వ్యాగను నంబరూ అది పోవాల్సిన చోటూ పుస్తకంలో రాసుకురావడం ఆ ఉద్యోగం. వానైనా మంచైనా నడవాల్సిందే. అందుకేనేమో ఆయనకు మనుషుల పేర్లు మరుపుకొస్తాయిగానీ నంబర్లు రావు. కళ్ళు మూసుకుని గడగడా చెప్పాడు: 12841 కోరమాండల్, 12703 ఫలక్‌నుమా, 18645 ఈస్ట్ కోస్ట్, 12821 ధౌళి, 12863 బెంగళూరు బండి.

కుర్రాడు అయిదూ కొట్టి ఎంటర్ నొక్కాడు. తెర నిండా ఎర్రటి అక్షరాలు వరదలా దిగి, అడుగున ఒక ముక్క దగ్గర ఆగాయి. 'మాక్సిమమ్ రికర్షన్ డెప్త్ ఎక్సీడెడ్.'

"ఏటంటది?" అన్నాడు మావయ్య.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకూ ఆ కుర్రాడికీ ఓ సాయంత్రం పట్టింది. వాడు నన్నూ మావయ్యా అనే పిలుస్తాడు, వరస అలాంటిది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, సైకిల్ స్టాండు దగ్గర హిందీ, కంప్యూటరు ముందు ఇంగ్లీషు మాట్లాడే పిల్లాడు. ఈ ఊళ్ళో అది వింతేమీ కాదు. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తయి ఖరగ్‌పూర్‌కు హౌరాతో లంకె కుదిరింది. 1902లో కటక్ దాకా ఉన్న తూర్పుతీరపు లైను బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికొచ్చింది. ఆ పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్ళు వచ్చి వర్క్‌షాపులోనూ లోకోషెడ్లలోనూ యార్డుల్లోనూ కుదురుకున్నారు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించిందంటే, ఆ నిర్ణయం వెనక ప్రధానంగా ఉన్నది ఈ ఊరే.

సరే, ప్రోగ్రాం సంగతికొద్దాం. వాడు రాసింది క్విక్‌సార్ట్ అనే పద్ధతికి ఇంట్లో తయారుచేసుకున్న రూపం. పైథాన్ భాషలో ఏడెనిమిది పంక్తులు. మాటల్లో చెబితే ఇంతే. జాబితాలో ఒకటే ఉన్నా, అసలేమీ లేకపోయినా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్యి. అంతకు మించి ఉంటే మొదటిదాన్ని కొండగుర్తుగా పెట్టుకో. దానికి సమానంగానో తక్కువగానో ఉన్నవన్నీ ఎడమ కుప్పలోకి, ఎక్కువున్నవన్నీ కుడి కుప్పలోకి వెయ్యి. ఎడమ కుప్పను ఇదే పద్ధతిలో వరస పెట్టు. కుడి కుప్పను ఇదే పద్ధతిలో వరస పెట్టు. ఎడమ పక్కన కుడి చేర్చి ఇచ్చెయ్యి.

చదవగానే సబబుగానే ఉంది కదా. నాకూ మొదటి చూపులో అలాగే అనిపించింది, పాతికేళ్ళుగా ఈ పని చేసుకునే బతుకుతున్నాను కాబట్టి ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గు.

మావయ్యకు మాత్రం 'ఇదే పద్ధతిలో వరస పెట్టు' అన్న మాట దగ్గర బండి ఆగింది. వరస పెట్టడం ఎలాగో చెప్పమంటే, మధ్యలో వరస పెట్టు అంటాడేమిటి? అన్నం వండడం ఎలా అంటే అన్నం వండు అన్నట్టు. ఇలా ఒక పని తనను తానే పిలుచుకోవడాన్ని రికర్షన్ అంటారు. రికర్షన్‌ను మొదటిసారి చూసిన ప్రతివాడికీ వచ్చే అనుమానమే ఇది, తెలివితక్కువ అనుమానమేమీ కాదు. దానికి సమాధానం ఆయన చేసిన ఉద్యోగంలోనే ఉంది.

ఖరగ్‌పూర్ నుంచి దారులు నాలుగు. హౌరా వైపు ఒకటి, కటక్ మీదుగా వాల్తేరు వైపు ఒకటి, టాటానగర్ మీదుగా బొంబాయి వైపు ఒకటి, మిడ్నాపూర్ మీదుగా ఆద్రా వైపు ఒకటి. ఒక గూడ్సులో యాభై వ్యాగన్లుంటే యాభైకీ యాభై చోట్ల పని ఉండేది ఆ రోజుల్లో. పెద్ద యార్డుల్లో చిన్న దిబ్బలాగా పట్టాలను ఎత్తుచేసి ఉంచుతారు, దాన్ని హంప్ అంటారు. ఇంజను వెనకనుంచి రేకును, అంటే వ్యాగన్ల వరసను, మెల్లగా నెట్టుకొస్తుంది. దిబ్బ నెత్తికి రాగానే కప్లింగు విప్పుతారు. వ్యాగను తన బరువుకు తానే అవతలికి జారిపోతుంది, కింద పాయింట్లు ఎటు తిప్పి ఉంటే ఆ లైన్లోకి వెళ్ళి నిలబడుతుంది. రాజమండ్రి సిమెంటూ, విజయవాడ ఎరువూ, తుని బెల్లం డబ్బాలూ ఏవైనా సరే, ఇక్కడి వాళ్ళకు అవన్నీ ఒకటే: వాల్తేరు లైను. అందులో ఏది ముందు, ఏది వెనక అనేది నింపురా వాళ్ళకు అక్కర్లేదు. వాల్తేరు యార్డులో మళ్ళీ ఇదే పని ఇంతకంటే చిన్న కుప్ప మీద జరుగుతుంది. అక్కణ్ణుంచి ముందుకు పోతే ఇంకా చిన్న కుప్ప మీద. చివరికి ఒక స్టేషన్లో ఒకే వ్యాగను మిగిలితే దాన్ని విడదీయడానికేమీ ఉండదు, సైడింగులో నిలబెట్టి చేతులు దులుపుకోవడమే.

"మరి నువ్వు ఏనాడైనా ఆ వ్యాగను వెంట వాల్తేరు దాకా వెళ్ళి, అక్కడివాళ్ళు సరిగ్గా విడదీశారో లేదో చూసొచ్చావా?" అన్నాను.

"నాకెందుకు? ఆళ్ళ పని ఆళ్ళది" అన్నాడు.

రికర్షన్ రాసేవాడికి ఉండాల్సిన మనస్తత్వం అదే. కింది యార్డు తన పని తాను చేస్తుందని నమ్మి, మన యార్డులో చెయ్యాల్సింది మనం చెయ్యాలి. అయితే ఆ నమ్మకానికి రెండు షరతులున్నాయి. విడదీయక్కర్లేని చోటు ఒకటి తప్పకుండా ఉండాలి. కిందికి పంపే కుప్ప, మన దగ్గరికి వచ్చిన కుప్పకంటే తప్పకుండా చిన్నదై ఉండాలి. మొదటి షరతు అందరికీ గుర్తుంటుంది, పుస్తకాలు నెత్తిన మొట్టి మరీ చెబుతాయి. మా కుర్రాడూ దాన్ని మొదటి పంక్తిలోనే రాశాడు. రెండోదాన్ని ఎవరూ అంత గట్టిగా చెప్పరు.

(యార్డు పోలికను మరీ సాగదీయకూడదు. హంప్ మీద ఒక వ్యాగనును ఇంకో వ్యాగనుతో పోల్చరు, చీటీ మీదున్న ఊరు చూసి తోస్తారు. క్విక్‌సార్ట్ కంటే అది ఉత్తరాలను అరల్లో వేసే పద్ధతికి దగ్గర. పైగా 1980ల నుంచి రైల్వే ఒకే సరుకు, ఒకే గమ్యం ఉన్న పూర్తి రేకుల వైపు మళ్ళడంతో యార్డుల్లో ఈ విడదీత క్రమంగా అడుగంటింది. కాబట్టి నేను చెబుతున్నది మావయ్య కాలపు సంగతి.)

ఎర్రటి అక్షరాల్లో ఉన్న మాటకు అర్థం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఒక పిలుపు తనకంటే చిన్న పిలుపును పంపి, అది జవాబు తెచ్చేదాకా కదలకుండా నిలబడుతుంది, కోరమాండల్ దాటేదాకా లూప్‌లైన్లో ఆగిన గూడ్సులాగా. ఆ చిన్న పిలుపూ ఇంకో చిన్నదాన్ని పంపి తానూ ఆగుతుంది. ఇలా ఆగినవన్నీ కంచాల దొంతరలాగా ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి, ఆఖరున పెట్టిన కంచమే ముందు తియ్యాలి. పైథాన్ మామూలుగా వెయ్యి కంచాల దగ్గర చాలు అంటుంది. సీ భాషలో రాస్తే ఆ హద్దు చెప్పేవాడు కూడా ఉండడు, దొంతర కేటాయించిన జాగా దాటి కూలుతుంది, ప్రోగ్రాం చడీచప్పుడు లేకుండా చస్తుంది. అయిదు బళ్ళకు వెయ్యి మెట్లు దిగిందంటే ఎక్కడో కుప్ప చిన్నది కావడం లేదన్నమాట.

ఎక్కడ? కుర్రాడు వెంటనే ప్రోగ్రాంలో చెయ్యి పెట్టబోయాడు. ఇక్కడ ఒకటి మార్చి, అక్కడ ఒకటి తగిలించి, మళ్ళీ ఎంటర్. ఆగమన్నాను. జ్వరమొచ్చినవాడికి అరలో ఉన్న మందులన్నీ తలా ఒకటి వేసి చూడరు కదా. ముందు ప్రోగ్రాం చేత దాని కథ చెప్పించాలి. ఫంక్షన్ మొదట్లోనే తన చేతికొచ్చిన జాబితాను అచ్చు వెయ్యమని ఒక పంక్తి చేర్చాం. ఎంత లోతులో ఉంటే అంత జరిపి అచ్చు వెయ్యమన్నాం. మళ్ళీ అయిదు బళ్ళూ ఇచ్చాం.

మొదటి పంక్తి: 12841, 12703, 18645, 12821, 12863. కొండగుర్తు 12841. దానికి మించినవి 18645, 12863, రెండూ కుడికి పోయాయి. మిగిలిన మూడూ ఎడమకు.

రెండో పంక్తి: 12841, 12703, 12821. మూడే. బాగుంది, తగ్గింది.

మూడో పంక్తి: 12841, 12703, 12821.

నాలుగో పంక్తి: 12841, 12703, 12821.

ఆ తర్వాత తెర అడుగుదాకా ఆ మూడే, మెట్టు మెట్టుకూ కాస్త కుడికి జరుగుతూ.

కుర్రాడి కంటే ముందు మావయ్యకు తట్టింది. "అదే రేకు మళ్ళీ మనకే పంపుతున్నాడ్రా" అన్నాడు. సరిగ్గా అదే. 12841ను కొండగుర్తుగా తీసుకుని, 'దానికి సమానమో తక్కువో' అన్నప్పుడు అది తనకు తానే సమానం కాబట్టి అదీ ఎడమ కుప్పలోకే పోయింది. రెండో మెట్టులో ఆ మూడింటిలో పెద్దది అదే. కాబట్టి ఎడమ కుప్ప అంటే మళ్ళీ ఆ మూడూనూ, కుడి కుప్ప ఖాళీ. వాల్తేరుకని కట్టిన రేకు వాల్తేరుకు పోకుండా వెనక్కొచ్చి నింపురాలోనే నిలబడుతోంది, ఎన్నిసార్లు నెట్టినా.

మరి ఒకటి, రెండు, మూడు ఎలా కుదిరింది? నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. మొదటిది ఒకటి. దానికి సమానమో తక్కువో అంటే అదొక్కటే, ఎడమ కుప్పలో ఒకటే ఉంది కాబట్టి అక్కడితో ఆగింది. కుడి కుప్ప రెండు, మూడు. అక్కడా అంతే. అంటే ప్రతి మెట్టులోనూ మొదటిదే అన్నిటికంటే చిన్నదైతేనే ఈ ప్రోగ్రాం నడుస్తుంది. ప్రతి మెట్టులోనూ మొదటిదే చిన్నదంటే అర్థమేమిటి? జాబితా ముందే వరసలో ఉందని. అందులోనూ ఒకే అంకె రెండుసార్లు రాకూడదు. అయిదు, అయిదు అని ఇచ్చి చూడండి, రెండూ ఎడమకే పోయి మళ్ళీ అక్కడే తిరుగుతాయి. మొత్తానికి మా కుర్రాడు రాసింది, అప్పటికే వరసలో ఉన్నవాటిని మాత్రమే వరస పెట్టగల యంత్రం. వాడు పరీక్షకు పెట్టినవన్నీ ఖర్మకాలి వరసలో ఉన్నవే. తాళంకప్ప పనిచేస్తుందో లేదో తలుపు తెరిచి ఉంచి చూసినట్టయింది.

ఇక్కడ వాడికి ఒక పని పెట్టాను. ప్రోగ్రాంను కూల్చగల అతి చిన్న జాబితా ఏదో కనుక్కో అని. అయిదు బళ్ళు పోయి మూడయ్యాయి, మూడు పోయి రెండయ్యాయి: 2, 1. అంతే. రెండే అంకెలు, తిరగేసినవి. ఇంత చిన్న రోగి దొరికితే వైద్యం సగం అయినట్టే, కాగితం మీద పెన్సిలుతో మొత్తం నడిపించి చూడొచ్చు. నేను పనిలో కొత్తవాళ్ళకు పదేపదే చెప్పేది ఇదొక్కటే, వాళ్ళు పదేపదే వినంది కూడా ఇదొక్కటే.

సరే, జబ్బు తెలిసింది. కుర్రాడికి మందు కూడా తట్టింది: 'సమానమో తక్కువో' అన్నచోట 'సమానమో' తీసేస్తే సరి. ఖచ్చితంగా తక్కువున్నవి ఎడమకు, ఖచ్చితంగా ఎక్కువున్నవి కుడికి. కుప్పలు తప్పకుండా తగ్గుతాయి. నిజమే, తగ్గుతాయి. ఎంటర్ నొక్కాడు. ఎర్ర అక్షరాలు లేవు. 12821, 12863 అని నీటుగా వచ్చింది.

"వచ్చేసింది మావయ్యా!"

ఈసారి పట్టుకున్నది కూడా పెద్దాయనే. చూపుడువేలు తెర మీద ఆనించి లెక్కపెట్టాడు. "అయిదు ఎక్కించినాను. రెండే దిగినాయి. మూడు బళ్ళేటయినాయి?"

కొండగుర్తు తనకంటే తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఎడమకూ పోలేదు, కుడికీ పోలేదు, మధ్యలో రాలిపోయింది. ప్రతి మెట్టులోనూ ఆ మెట్టు కొండగుర్తు అలాగే రాలింది: ముందు 12841, తర్వాత ఎడమ కుప్పలో 12703, కుడి కుప్పలో 18645. చివర ఒంటరిగా మిగిలిన రెండే బతికి బయటపడ్డాయి. అయితే ఒకటి గమనించాలి, మిగిలినవి మాత్రం తిరుగులేని వరసలో ఉన్నాయి. వరసలో ఉందా అని ఒక్క ప్రశ్నే అడిగితే ఈ ప్రోగ్రాం నూటికి నూరు మార్కులు కొట్టేస్తుంది. ఆ మాటకొస్తే, ఏది ఇచ్చినా ఖాళీ జాబితా చూపించే ప్రోగ్రాం కూడా కొట్టేస్తుంది, ఖాళీని తప్పు వరస అనలేం కదా. సార్టింగ్ అంటే రెండు మాటలు కలిపి: వచ్చినవి వరసలో ఉండాలి, ఇచ్చినవే రావాలి, ఒక్కటి తగ్గకుండా, ఒక్కటి పెరక్కుండా. రెండో మాట ఎంత స్పష్టమంటే ఎవరూ దాన్ని పైకి చెప్పరు. నంబర్‌టేకర్‌కు మాత్రం అది చెప్పనక్కర్లేదు.

కొండగుర్తును మధ్యలో పెట్టి కలిపాం: ఎడమ, కొండగుర్తు, కుడి. అయిదు బళ్ళూ వచ్చాయి. కుర్రాడు ఈసారి గంతులెయ్యలేదు, తాత వంక చూశాడు. తాత ఏమీ అనలేదుగానీ నేనన్నాను, ఫలక్‌నుమాను రెండుసార్లు ఇచ్చి చూడమని. ఆరు ఇస్తే అయిదే వచ్చాయి. రెండో 12703 మొదటిదానికంటే తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఇది చాలా మోసకారి తప్పు, ఎందుకంటే మామూలు పరీక్షల్లో బయటపడదు. ఒకప్పుడు నేను పనిచేసిన చోట బిల్లులను మొత్తాల ప్రకారం వరస పెట్టే చిన్న ముక్క నేనే ఇలా రాశాను. ఒకే మొత్తం ఉన్న బిల్లులు రెండుంటే రెండోది మాయం. నెలాఖరున పైసలు కలవలేదు. తప్పు నా ప్రోగ్రాంలో తప్ప మిగతా అన్నిచోట్లా వెతికాను. మూడో రోజు దొరికింది.

చివరికి నిలబడిన మందు ఇది: ముందు కొండగుర్తును జాబితాలోంచి బయటికి తీసి పక్కన పెట్టాలి. మిగిలినవాటిలో సమానమో తక్కువో ఉన్నవి ఎడమకు, ఎక్కువున్నవి కుడికి. తర్వాత ఎడమ, కొండగుర్తు, కుడి. ఒకటి బయటికి తీశాం కాబట్టి మిగిలినవన్నీ ఒకే వైపు పడినా కుప్ప కనీసం ఒకటి తగ్గుతుంది. ఏదీ రాలిపోదు. జంటలూ బతుకుతాయి. తేడా అంతా ఒక్క అడుగు, బయటికి తీసి ఆ తర్వాత పంచడం.

ఈ పద్ధతి కనిపెట్టినాయనకూ ఇది ఒక్కరోజులో కుదరలేదు. టోనీ హోర్ 1934లో కొలంబోలో పుట్టిన ఇంగ్లీషువాడు. 1960 ప్రాంతంలో మాస్కో విశ్వవిద్యాలయంలో చదువుతూ, రష్యన్‌ను ఇంగ్లీషులోకి యంత్రం చేత అనువాదం చేయించే పనిలో దిగాడు. అప్పట్లో నిఘంటువు అయస్కాంతపు టేపు మీద అక్షరక్రమంలో ఉండేది. వాక్యంలోని ఒక్కో మాటకూ టేపును ముందుకూ వెనక్కూ తిప్పుతూ కూచుంటే తెల్లారిపోతుంది, కాబట్టి ముందు వాక్యంలోని మాటలను అక్షరక్రమంలో పెట్టుకుంటే టేపు ఒక్కసారి తిరిగితే చాలు. ఆ అవసరంలో పుట్టింది క్విక్‌సార్ట్. ఆలోచన వచ్చిందిగానీ ప్రోగ్రాంగా రాయడం చిక్కయింది, ఆయనకు తెలిసిన భాషలో ఒక పని తనను తాను పిలుచుకునే వీలు లేదు. ఇంగ్లండు తిరిగొచ్చి ఎలియట్ బ్రదర్స్ అనే కంప్యూటర్ల కంపెనీలో చేరాక, నా దగ్గర వాడుకలో ఉన్నదానికంటే వేగమైన సార్టింగు పద్ధతి ఉందని పై అధికారితో అంటే, ఆయన లేదని ఆరు పెన్నీల పందెం కాశాడు. పందెం హోర్ గెలిచాడు. 1961లో బ్రైటన్‌లో ఆల్గాల్ 60 భాష మీద జరిగిన పాఠాలకు వెళ్ళినప్పుడు అందులో రికర్షన్ ఉందని తెలిసి, తన పద్ధతిని పొందికగా కొద్ది పంక్తుల్లోకి ఇమిడ్చాడు. అదే ఏడు అచ్చయింది. ట్యూరింగ్ బహుమతి 1980లో వచ్చింది.

ఇంతలో ఇంటికి మూడీ, అంటే మరమరాలూ, వేడివేడి ఆలూచాప్ వచ్చాయి. మిడ్నాపూర్ ప్రాంతంలో సాయంకాలమైతే ఇది తినకపోతే నేరం. చేతులు తుడుచుకుని కుర్రాడు పందెం పెంచాడు. ఒకటి నుంచి రెండు వేలదాకా అంకెలను తానే తయారుచేసి, వరసగానే ఇచ్చాడు. "ఇది మొదట్నించీ పనిచేసేదే కదా" అని.

మాక్సిమమ్ రికర్షన్ డెప్త్ ఎక్సీడెడ్.

వాడి మొహం చూడాల్సింది. తప్పుడు ప్రోగ్రాం చెయ్యగలిగిన ఒకే ఒక్క పనిని సరిచేసిన ప్రోగ్రాం చెయ్యలేకపోతోంది! నిజానికి పాతదీ ఇక్కడ కూలేదే, వాడు మూడేసి అంకెలు ఇచ్చాడు కాబట్టి బయటపడలేదు. కొండగుర్తు ఎప్పుడూ మొదటిదే కదా. వరసలో ఉన్న జాబితాలో మొదటిది అన్నిటికంటే చిన్నది, ఎడమ కుప్ప ఖాళీ, కుడి కుప్పలో 1,999. తర్వాత 1,998. తర్వాత 1,997. తగ్గుతోందిగానీ మెట్టుకు ఒకటే తగ్గుతోంది. రెండువేల మెట్లు దిగాలి, వెయ్యి దగ్గరే పైథాన్ చెయ్యి అడ్డం పెట్టింది. ఇందులో తప్పు లేదు, పద్ధతి సరైనదే, ఎంచుకున్న కొండగుర్తు పనికిమాలినది. ఒక్కో జతను ఒక్కసారే పోల్చినా ఈ దారిన 19,99,000 పోలికలు పడతాయి. కుప్పలు ఓ మోస్తరుగా సగానికి అటూ ఇటూ చీలుతూ పోతే ఆ పని సగటున పాతిక వేల పోలికల్లో అయిపోతుంది. క్విక్ అన్న పేరు ఈ రెండో లెక్కను చూసి పెట్టింది.

వరసలో ఉన్న జాబితా అంటే అరుదైన వస్తువు కాదు. లోకంలో జాబితాలు చాలావరకు అప్పటికే సగం వరసలో ఉంటాయి, నిన్న వరస పెట్టినదానికి ఇవాళ నాలుగు కొత్తవి తగిలిస్తాం కాబట్టి. ఈ గుంటలో పడ్డది మా కుర్రాడొక్కడే కాదు. యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే 1991 వేసవిలో, కొన్ని నిమిషాల్లో అవ్వాల్సిన సార్టింగు గంటలు గంటలు నడవడం అలన్ విల్క్స్, రిక్ బెకర్ అనే ఇద్దరు గమనించారు. ఏళ్ళ తరబడి అందరూ కళ్ళు మూసుకుని వాడుతున్న లైబ్రరీ ఫంక్షనే అది. దాన్ని కూలంకషంగా విప్పి చూసి జాన్ బెంట్లీ, డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ కొత్తది రాశారు, ఆ కథంతా 1993లో వ్యాసంగా అచ్చువేశారు. అదే బెంట్లీ ఇంకోచోట జాబితాను మధ్యకు చీలుస్తూ వెతికే పద్ధతి ఒకదాన్ని గణితం పద్ధతిలో నిరూపించి మరీ పుస్తకంలో పెడితే, ఆయన క్లాసులో కూచున్న జాషువా బ్లాక్ అనే ఆయన 2006లో అందులోనూ తప్పు చూపించాడు. మధ్యస్థానం కోసం మొదటి చోటునూ చివరి చోటునూ కూడి సగం చెయ్యడం అందరూ చేసేదే. జాబితా సుమారు 107 కోట్లు దాటితే ఆ కూడిక 214 కోట్ల 74 లక్షల పైచిలుకు హద్దును దాటి రుణసంఖ్యగా తిరగబడుతుంది. జావాతో వచ్చే లైబ్రరీలో ఆ తప్పు తొమ్మిదేళ్ళు హాయిగా కాపురం చేసింది. నిరూపణ కాగితం మీది అంకెలకు జరిగింది, ప్రోగ్రాం నడిచింది యంత్రంలో.

మా మందు సులువైనది. మొదటిదాన్ని కాకుండా జాబితాలోంచి ఏదో ఒకదాన్ని చీటీ తీసినట్టు తీసి కొండగుర్తు చేసుకోవడం. మార్చింది ఒక్క పంక్తి. ఎంత లోతు దిగిందో కూడా చెప్పమన్నాం. రెండు వేల అంకెలకు పాతిక మెట్ల దరిదాపుల్లో ఆగింది. ఇంకోసారి నొక్కితే ఒకటి రెండు మెట్లు అటూ ఇటూ. "ఒకే పనికి రోజుకో లెక్కా?" అని మావయ్యకు కొంచెం అనుమానంగానే ఉంది. దారి మారుతుంది, చేరేది అక్కడికే అన్నాను. ఒప్పుకున్నట్టు తలూపాడుగానీ ఒప్పుకున్నాడని నేననుకోను.

ఈలోగా ఆయన లోపలికెళ్ళి అట్ట ఊడిన పాత పుస్తకమొకటి పట్టుకొచ్చాడు. సర్వీసులో ఉండగా రాసుకున్న బళ్ళ నంబర్లు. 2010 డిసెంబరుకు ముందు బళ్ళకు నాలుగంకెలే ఉండేవి, కోరమాండల్ అంటే 2841, ఫలక్‌నుమా 2703, ఈస్ట్ కోస్ట్ 8645. ఇప్పటి కోరమాండల్ 12841తో కలిపి వాటినీ కొట్టించాడు. వచ్చిన వరస: 12841, 2703, 2841, 8645.

"పన్నెండు వేలు ముందొచ్చి రెండు వేలు తర్వాతొచ్చిందేట్రా?"

కుర్రాడు ప్రోగ్రాంలో సార్టింగు భాగమంతా మళ్ళీ తోడబోయాడు. తప్పు అక్కడ లేదు. కీబోర్డు మీద కొట్టినదాన్ని పైథాన్ అక్షరాలుగానే తీసుకుంటుంది, అంకెలుగా మార్చమని మనం చెప్పాలి. చెప్పలేదు. అక్షరాలుగా చూస్తే 1తో మొదలయ్యేది 2తో మొదలయ్యేదానికి ముందే వస్తుంది, ఎంత పొడుగున్నా సరే, నిఘంటువులో మాటల్లాగా. ఇందాకటి నుంచీ కొట్టిన బళ్ళన్నీ అయిదంకెలవే, పొడుగు సమానం కాబట్టి తేడా కనిపించలేదు. అసలు మొట్టమొదట అయిదు, పది, పదిహేను ఇచ్చినప్పుడే ఇది బయటపడాల్సింది. అవి వాడు కీబోర్డు మీద కొట్టలేదట, ప్రోగ్రాంలోనే అంకెలుగా రాసి పెట్టాడట. అడిగితే అప్పుడు చెప్పాడు.

ఒక మాట చేర్చాడు, అంకెగా మార్చమని. పుస్తకంలోవీ, తాత ముందు చెప్పినవీ అన్నీ కలిపి కొట్టాడు. ఎనిమిది. తెర మీద వరస వచ్చింది: 2703, 2841, 8645, 12703, 12821, 12841, 12863, 18645.

మావయ్య కళ్ళజోడు సర్దుకుని, వేలు ఆనించి, పై నుంచి కిందికి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.